పాత బుల్లెట్ మీద కెమెరా ఎక్కడ కట్టాలి? ఇప్పటికే ఒక ఫోన్ పోయింది

ఒంగోలు కుర్రోడు:

అన్నలకు నమస్తే. నా దగ్గర 2016 మోడల్ బుల్లెట్ ఉంది, 350. వచ్చే నెల నలుగురం కలిసి పొదిలి, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం పోతున్నాం. దారంతా వీడియో తీయాలని నా కోరిక.

మొన్న కొత్తపట్నం బీచ్‌కి పోయేటప్పుడు హ్యాండిల్‌కి హోల్డర్ బిగించి ఫోన్‌తో తీశా. ఇంటికొచ్చి చూస్తే రోడ్డంతా జెల్లీ ఊగినట్టు ఊగుతోంది. ఎదురొచ్చే ఆటో అరటిపండులా వంగిపోయింది. అది పోనీలే అనుకుంటే, అప్పట్నుంచి ఫోన్లో కెమెరా తెరిస్తే చాలు, బొమ్మ దానంతటదే వణుకుతోంది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల్నుంచి బర్ర్‌మని సన్నటి శబ్దం. రిపేరు షాపాయన లోపలి కెమెరా మార్చాలన్నాడు.

ఇప్పుడు విడిగా కెమెరా కొందామని 30 వేలు దాచా. ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి? మళ్లీ డబ్బులు తగలేస్తే ఇంట్లో నాన్న ఊరుకోడు.

కావలి స్టూడియో:

తమ్ముడూ, నేను పెళ్లి వీడియోలు తీసేవాణ్ణి. నాదీ పాత బుల్లెట్టే. ముందు నీ ఫోన్ సంగతి చెప్తా.

ఈ మధ్య ఫోన్లలో లెన్స్‌ని గట్టిగా బిగించరు. సన్నటి స్ప్రింగుల మీద, అయస్కాంతాలతో కదిలేట్టు పెడతారు. మన చెయ్యి ఇటు వణికితే అది అటు జరిగి సర్దుకుంటుంది. దాన్నే ఓఐఎస్ అంటారు. అది చేతి వణుకు కోసం చేసింది, బుల్లెట్ హ్యాండిల్ కోసం కాదు. పెద్ద మోటార్‌సైకిల్ ఇంజన్ల అదురుకు ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని ఆపిల్ వాళ్లే 2021లో హెచ్చరించారు. పైగా మన బండ్లలో ఇంజన్ అదురు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ లేదు. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌లో పెట్టారు గానీ, మనకేం లాభం. కాబట్టి మ్యాప్ కోసం కూడా ఫోన్‌ని హ్యాండిల్‌కి కట్టొద్దు. జేబులో పెట్టుకుని చెవిలో విను.

ఇక కెమెరా. గోప్రో, డీజేఐ ఓస్మో యాక్షన్, ఇన్‌స్టా360 అని జనం కొట్టుకుంటుంటారు. పగటి ఎండలో రోడ్డు మీద తీస్తే ఏది దేనితో తీశారో నాకే తెలీదు. ఓస్మో యాక్షన్ 4లో సెన్సర్, అంటే వెలుతురు పట్టే చిప్పు, 1/1.3 అంగుళం, కాస్త పెద్దది, అడవి నీడలో అది మేలు. కొత్త మోడల్ రాగానే పాతదాని రేటు దిగుతుంది, ఆ పాతదే కొను. కానీ 30 వేలూ కెమెరాకే పెట్టకు. ఇంకో బ్యాటరీ, కార్డు, మైకు, కెమెరాని బిగించే మౌంటు అన్నీ అందులోనే రావాలి.

నీ వీడియో బాగుంటుందా లేదా తేల్చేది కెమెరా కాదు, దాన్ని ఎక్కడ పెట్టావన్నది. హ్యాండిల్ మీద పెడితే ఇంజన్ అదురంతా దానికే. క్రాష్‌గార్డుకి కడితే చూడ్డానికి సినిమా షాట్‌లా ఉంటుంది గానీ, ఆ చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీ వెనక పది నిమిషాలు పోతే లెన్స్ మీద పిండి చల్లినట్టవుతుంది. కెమెరాని హెల్మెట్ నెత్తిన పెడితే గాలికి మెడ లాగేస్తుంది, మనిషి కూడా కొమ్ము మొలిచినట్టు కనపడతాడు. ఛాతీ బెల్టుతో అయితే సగం వీడియో పెట్రోల్ ట్యాంకే.

గడ్డం దగ్గర పెట్టు. ఫుల్ ఫేస్ హెల్మెట్‌కి నోటి ముందుండే భాగం ఉంటుంది చూడు, అక్కడ. కెమెరా 150 గ్రాముల చిల్లర, మెడకి తెలీదు. ఇంజన్ అదురు సీటులోంచి నీ నడుము, వీపు, మెడ దాటి పైకి వచ్చేసరికి చచ్చిపోతుంది. మన ఒళ్లే షాకబ్జర్. నువ్వు ఎటు చూస్తే కెమెరా అటు చూస్తుంది, హ్యాండిల్ కూడా కొంచెం కనపడుతుంది. సగం హెల్మెట్ వాడుతుంటే ముందు అది మార్చు, కెమెరా సంగతి తర్వాత.

అంటించడంలోనే నేను దెబ్బతిన్నా, చెప్తా విను. ఉదయగిరి దుర్గం చూద్దామని తెల్లారుజామున బయల్దేరా. స్టిక్కర్ మౌంటు ముందురోజు రాత్రి పదకొండింటికి అంటించా. అది కూడా చక్కగా తలకి నూనె రాసుకున్న చేత్తో, హెల్మెట్‌ని చొక్కా కొనతో తుడిచి. కలిగిరి దాటాక ఒక గుంటలో పడ్డా. గడ్డం కింద ‘టప్’మని చిన్న చప్పుడు. కెమెరా నా మోకాలికి తగిలి రోడ్డు మీద మూడు పల్టీలు కొట్టి జిల్లేడు పొదలో ఆగింది. లెన్స్ అద్దం పగిలింది. స్టిక్కర్ తిప్పి చూస్తే జిగురు మీద నా వేలిముద్రలు అచ్చు గుద్దినట్టున్నాయి. అంటే అది హెల్మెట్‌ని కాదు, నా నూనెని పట్టుకునుంది.

అందుకని, మెడికల్ షాపులో స్పిరిట్ కొను. దూదితో రెండుసార్లు తుడిచి పూర్తిగా ఆరనివ్వు. ఆ తర్వాత వేలు పెట్టకు. మౌంటు వంపు హెల్మెట్ వంపుకి సరిపోవాలి, అంచుల్లో సన్నటి తెల్లగీత కనపడిందంటే అక్కడ గాలి దూరినట్టే. నిమిషంపాటు అదిమిపట్టి, తర్వాత 24 గంటలు దాని జోలికి పోవద్దు. హెల్మెట్‌కి మాత్రం డ్రిల్లు వేయొద్దు. ఐఎస్‌ఐ ముద్ర ఉన్న గట్టి గుల్లకి బొక్క పెట్టి నెత్తిన పెట్టుకోవడం ఏం తెలివి? స్టిక్కర్‌తో పాటు గాలం వేసే నైలాన్ దారంతో కెమెరా ఫ్రేమ్‌ని మౌంటుకి కట్టు, బెత్తెడు మించకూడదు. పొడుగ్గా కడితే ఊడినప్పుడు ఊగి నీ మొహానికే కొడుతుంది.

కార్డు వీ30 గుర్తు ఉన్నది తీసుకో, వీడియో రాసే వేగానికి అది గుర్తు. 4కే వీడియోకి సెట్టింగ్‌లో 60 ఎంబీపీఎస్ (సెకనుకి 60 మెగాబిట్లు) పెడితే గంటకి 27 జీబీ, 128 కార్డుకి నాలుగున్నర గంటలు. కొన్నరోజే నిండా రికార్డు చేసి చూడు, దొంగ కార్డయితే అక్కడే బయటపడుతుంది. టీ కోసం ఆగినప్పుడు కెమెరా ఆపెయ్. గాలి తగిలినంతసేపు బానే ఉంటుంది, ఎండలో నిలబెడితే కాగిపోయి దానంతటదే ఆగిపోతుంది.

ఎన్డీ ఫిల్టర్లు, అంటే లెన్స్ మీద పెట్టే నల్ల అద్దాలు, కొనమని ఎవరైనా చెప్తే ఇప్పుడే వద్దను. అవి వెలుతురు తగ్గిస్తాయి, దాంతో షట్టర్ నెమ్మదిస్తుంది. షట్టర్ నెమ్మదిస్తే ప్రతి ఫ్రేమూ అలుక్కుపోతుంది, దాన్ని కెమెరాలో ఊపు సర్దే స్టెబిలైజేషన్ బాగుచేయలేదు. చిక్కటి చెట్ల కింద సాయంత్రంపూట తీసినా ఇదే గొడవ. ఎండ బాగా వచ్చాకే అడవి రోడ్డు తీయి.

పెన్నా గట్టు:

స్టూడియో అన్న చెప్పినవన్నీ ఒప్పుకుంటా గానీ, చుట్టూ ఒకేసారి తీసే 360 కెమెరా ఊసే ఎత్తలేదు. నేను నెల్లూరు నుంచి సోమశిల డ్యామ్‌కి పోయినప్పుడు వెనక క్యారియర్‌కి కర్ర కట్టి 360 పెట్టా. ఎవరో డ్రోన్‌తో తీసినట్టు వచ్చింది, కర్ర కనపడదు. కష్టమల్లా తర్వాతే. ఎటు చూపించాలో ఇంట్లో కూర్చుని ప్రతి షాట్‌కీ తిప్పుకోవాలి. గంట రైడ్‌కి నాకు రెండు ఆదివారాలు పట్టింది. పైగా లెన్స్‌లు రెండు వైపులా ఉబ్బి ఉంటాయి, సర్కారుతుమ్మ కొమ్మ ఒక్కటి గీరితే చాలు. మొదటి కెమెరాగా వద్దు.

మైకు గురించి ఒక మాట. బయటి గాలికి కెమెరా మైకులో హోరు తప్ప ఏమీ రాదు. చిన్న కాలర్ మైకుకి స్పాంజి తొడిగి హెల్మెట్ లోపల చెంప దగ్గరి మెత్తలో దోపు. నీ మాటా వస్తుంది, ఇంజన్ డుగుడుగూ కొంచెం వస్తుంది. మైకు వైరు కెమెరాకి పెట్టిన చోట తడవకుండా చూసుకో. వైరు పెట్టడానికి మూత తీశావంటే కెమెరా ఇక వాటర్‌ప్రూఫ్ కాదు.

మార్కాపురం పలక:

కెమెరాల సంగతి నాకు తెలీదు, దారి తెలుసు. దోర్నాల దగ్గర అటవీ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. అది టైగర్ రిజర్వు, వీడియో కోసమని ఎక్కడబడితే అక్కడ దిగొద్దు. అనుమతి లేకుండా డ్రోన్ అసలే ఎగరేయొద్దు. శిఖరం దగ్గర ఆగితే హెల్మెట్‌ని బండి అద్దానికి తగిలించి వదిలేయకు. కోతులకి మెరిసేదేదైనా ఇష్టమే.

ఒంగోలు కుర్రోడు:

అన్నలందరికీ థ్యాంక్స్. పాత మోడల్ ఒకటి తీసుకున్నా, ఇంకో బ్యాటరీ కూడా వచ్చింది, మైకుకి డబ్బులు చాల్లేదు. ఫుల్ ఫేస్ హెల్మెట్ మా బావది అడిగి తెచ్చుకున్నా. నిన్న సాయంత్రం ఆరింటికి స్పిరిట్‌తో తుడిచి అంటించా. పొద్దున లేవగానే చూస్తే కింది అంచున స్టూడియో అన్న చెప్పిన తెల్లగీత, గోరంత. పీకి మళ్లీ అంటించాలా, లేక అంతవరకు ఫర్వాలేదా? అమ్మేమో హెల్మెట్‌కి ఆ గడ్డం ఏందిరా అని పొద్దుట్నుంచీ నవ్వుతోంది.

కావలి స్టూడియో:

పీకెయ్. కత్తితో కాదు, గాలం దారం కింద దూర్చి రంపంలా లాగు, ఊడొస్తుంది. డబ్బాలో రెండో స్టిక్కర్ ఉంటుంది. వేసేముందు హెల్మెట్‌నీ మౌంటునీ కాసేపు ఎండలో పెట్టు, జిగురు మెత్తబడి వంపులోకి దిగుతుంది. మళ్లీ 24 గంటలు.