అప్‌డేట్: మావాడి గడియారం సంగతి

90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్ల చొప్పున కలిసే చెస్ గేముల్లో మావాడు సగం ఆటకే టైమ్ అవగొట్టేసుకుంటున్నాడు, ఏం చెయ్యాలి అని అడిగాను కదా. అమలాపురం నుంచి రాజమండ్రి టోర్నమెంట్‌కి వెళ్ళొచ్చాం.

మీరు చెప్పినవాటిలో బాగా పనిచేసింది, స్కోర్‌షీట్‌లో (ఆడిన ఎత్తులు రాసుకునే కాగితంలో) ఎత్తు పక్కన మిగిలిన టైమ్ రాసుకోవడం. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నిబంధనలు దీన్ని ఒప్పుకుంటాయి. డ్రా క్లెయిమ్ (ఆట డ్రా అని ప్రకటించమని అడగడం) లాంటివి తప్ప, ఎత్తును మాత్రం ఆడకముందే రాయకూడదు. షీట్లు ముందేసుకుని కూర్చుంటే గుట్టంతా బయటపడింది. గుర్రాన్ని ఎదుటివాడు కొట్టాడు, బంటుతో తిరిగి కొట్టడం తప్ప వేరే దారి లేదు. అక్కడ ముందు ఎత్తు పక్కన 71 నిమిషాలు, ఈ ఎత్తు పక్కన 65 అని ఉంది! ఏం ఆలోచించావురా అంటే, "తర్వాత ఏమవుతుందో చూశాను నాన్నా" అన్నాడు. ఆ చూసేదేదో కొట్టాక, ఎదుటివాడి టైమ్‌లో చూడొచ్చుగా. కానీ ఆ టైమ్‌లో వీడు పక్క బోర్డుల దగ్గర ఉంటాడు. ఈ రోగానికి మందు ఇంకా దొరకలేదు.

మిగిలిన టైమ్ ఐదు నిమిషాల్లోపు పడితే ఎత్తులు రాయడం ఆపెయ్యొచ్చని ఒకరన్నారు. 30 సెకన్లు కలిసే గేముల్లో అది కుదరదు, చివరిదాకా రాయాల్సిందే.

చివరి రౌండ్లలో టెన్షన్ బాగా తగ్గింది. పాయింట్లు పెద్దగా పెరగలేదు లెండి.

ఇక భీమవరంలో ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే చెస్) టోర్నమెంట్ ఉంది, 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు. అందులో ఎత్తులు రాయక్కర్లేదు కాబట్టి ఈ షీట్ పద్ధతి నడవదు. దానికెలా తయారుచెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి.