టూ-ఫేజ్ కమిట్‌లో ‘సిద్ధం’ అన్నాక కోఆర్డినేటర్ ఆగిపోతే?

ప్రశ్న (ఎంసీఏ విద్యార్థి, తిరుపతి)

నమస్కారం. తిరుపతిలో లాడ్జి గదినీ, కాణిపాకం వెళ్లే వ్యానులో సీటునూ ఒకే బుకింగ్‌గా ఇచ్చే ప్రాజెక్టు చేస్తున్నాము. గదులు ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో, సీట్లు మరొకదానిలో ఉన్నందున టూ-ఫేజ్ కమిట్ (ముందు అన్ని డేటాబేసులనూ ‘సిద్ధమా’ అని అడిగి, అన్నీ సరేనంటేనే కమిట్, అంటే మార్పును ఖాయం, చేయమనే పద్ధతి) ఎంచుకున్నాము. రెండు డేటాబేసులూ ‘సిద్ధం’ అన్న వెంటనే, పరీక్ష కోసం, వాటిని అడిగి నిర్ణయం చెప్పే కోఆర్డినేటర్ ప్రాసెస్‌ను ఆపేశాము. గది మీద లాక్ అలాగే ఉండిపోయి, అదే గదికి వచ్చిన మరో బుకింగ్ కదలలేదు. డేటాబేసును రీస్టార్ట్ చేసినా అంతే. కొంతసేపు చూసి గదుల డేటాబేసు తనంతట తానే రద్దు చేసుకుంటే వచ్చే నష్టమేమిటి? త్రీ-ఫేజ్ కమిట్‌తో ఈ చిక్కు తీరుతుందా?

సమాధానం 1 (చిత్తూరు)

‘సిద్ధం’ అనేంతవరకు గదుల డేటాబేసు ఎప్పుడైనా, ఎవరినీ అడగకుండా రద్దు చేసుకోవచ్చు. ఆ మాట అన్న క్షణం నుంచి ఆ హక్కు దానికి లేదు. కోఆర్డినేటర్ తన లాగ్‌లో (నిర్ణయాలు నమోదు చేసుకునే చిట్టాలో) కమిట్ రికార్డు రాసి, సీట్ల డేటాబేసుకు కబురు పంపి, గదుల డేటాబేసుకు పంపేలోపు ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు గదుల డేటాబేసు రద్దు చేసుకుంటే యాత్రికుడికి సీటు ఉంటుంది, గది ఉండదు. పోనీ సీట్ల డేటాబేసునే అడుగుదామంటే, దానికి ఫలితం తెలిసి ఉంటే సరే, అది ఇంకా ఓటే వేయకపోయినా (అంటే ‘సిద్ధం’ అనకపోయినా) సరే, రద్దు చేసుకోవచ్చు; కానీ రెండూ ‘సిద్ధం’ దగ్గరే నిలిచిపోతే ఇద్దరికీ తెలియని సంగతిని ఇద్దరూ కలిసి తేల్చలేరు. నిర్ణయం ఉన్నది ఆ లాగ్‌లోనే.

సమాధానం 2 (తిరుపతి, డేటాబేస్ నిర్వాహకుడు)

రీస్టార్ట్ తరువాత కూడా లాక్ నిలవడం లోపం కాదండి. ప్రిపేర్ ట్రాన్సాక్షన్ ఆదేశంతో ‘సిద్ధం’ అన్నదాన్ని పోస్ట్‌గ్రెస్ డిస్కు మీద భద్రపరుస్తుంది; కరెంటు పోయినా ఇచ్చిన మాట నిలవాలన్నదే దాని ఉద్దేశం. ఈ సౌకర్యాన్ని అనుమతించే సెట్టింగు విలువ మొదట్లో 0గానే ఉంటుంది, అంటే మీరు కోరి పెంచుకున్నారన్నమాట. ఇలా వేలాడుతున్నవన్నీ పీజీ_ప్రిపేర్డ్_ఎక్సాక్ట్స్ అనే వ్యూలో కనిపిస్తాయి. వాటిని రోజుల తరబడి వదిలేస్తే లాకులే కాదు, పాత వరుసలను తొలగించే వాక్యూమ్ పని కూడా కుంటుపడుతుంది. చేత్తో తీసేసే ముందు కోఆర్డినేటర్ లాగ్ చూడండి: కమిట్ రికార్డు ఉంటే కమిట్ ప్రిపేర్డ్, లేకపోతే రోల్‌బ్యాక్ ప్రిపేర్డ్ (రద్దు). అయితే కమిట్ కబురు పంపకముందే ఆ రికార్డు డిస్కుకు చేరేటట్లు కోడ్ రాసి ఉంటేనే ఈ సూత్రం చెల్లుతుంది.

సమాధానం 3 (చిత్తూరు, అధ్యాపకురాలు)

రెండో ప్రశ్నకు జవాబిస్తాను. డేల్ స్కీన్ 1981లో ప్రతిపాదించిన త్రీ-ఫేజ్ కమిట్, ఓటుకూ కమిట్‌కూ మధ్య ‘కమిట్ చేయబోతున్నాము’ అనే మెట్టును చేర్చింది. యంత్రాలు ఆగిపోవడం తప్ప వేరే ఇబ్బంది లేనప్పుడు, కబురు ఇంత సమయంలో చేరి తీరుతుందన్న హామీ ఉన్నప్పుడు, మిగిలినవారు ఆ మెట్టును బట్టి తామే తేల్చుకోగలరు. నెట్‌వర్క్ రెండుగా చీలితే మాత్రం ఆ మెట్టు ఎక్కినవారు ఒక వైపు కమిట్ చేసి, ఎక్కనివారు మరో వైపు రద్దు చేసే ప్రమాదం ఉంది. నిలిచిపోవడాన్ని తప్పించుకోబోయి డేటా పొంతననే పోగొట్టుకోవడం నా దృష్టిలో నష్టపు బేరం. అందుకే కోఆర్డినేటర్ నిర్ణయాన్నే పలు యంత్రాల్లో ప్రతులుగా ఉంచే దారి మేలనిపిస్తుంది: జిమ్ గ్రే, లెస్లీ లాంపోర్ట్ 2006లో ప్రచురించిన పాక్సోస్ కమిట్ ఆ కోవలోనిదే (పాక్సోస్ అంటే కొన్ని యంత్రాలు ఆగినా మిగిలిన మెజారిటీ ఒకే నిర్ణయానికి వచ్చే పద్ధతి). గూగుల్ 2012లో వివరించిన స్పానర్‌లోనూ టూ-ఫేజ్ కమిట్ ఉంది, కాకపోతే అందులో పాల్గొనే ఒక్కొక్కరూ ఒక పాక్సోస్ బృందం. ఒక యంత్రం పోయినా బృందం జవాబిస్తుంది.

మీ ప్రాజెక్టుకు అంత అవసరమా అన్నది వేరే మాట. గది దొరకనప్పుడు సీటును రద్దు చేసి డబ్బు వాపసు ఇవ్వగలిగితే 1987 నాటి సాగా పద్ధతి (ఒక్కో అడుగునూ విడిగా కమిట్ చేసి, తరువాతిది విఫలమైతే ముందువాటిని వెనక్కి తిప్పడం) సరిపోతుంది. మధ్యలో కాసేపు సీటు నిండినట్టు ఇతరులకు కనిపించడాన్ని మీరు ఒప్పుకోవాలి, అంతే.

ప్రశ్నించినవారు

ధన్యవాదాలండి. లాగ్‌లో కమిట్ రికార్డు ఉండి, కబురు గదులకు చేరిందో లేదో తెలియకపోతే?

సమాధానం 2

అందినట్టు జవాబు వచ్చేదాకా కోఆర్డినేటర్ మళ్లీ మళ్లీ పంపాలి. రెండోసారి పంపినప్పుడు ఆ పేరుతో ట్రాన్సాక్షన్ లేదని పోస్ట్‌గ్రెస్ అంటే, మొదటి కబురే పని పూర్తి చేసిందని లెక్క, ఈలోగా ఎవరూ దాన్ని చేత్తో రద్దు చేయకపోతే.