మూత్రంలో మంట: వేడి చేయడమా, మరేదైనా కారణమా?

ప్రశ్న (బరంపురం నుంచి):
మా వదిన ఇక్కడి పట్టుచీరల దుకాణంలో పనిచేస్తుంది. ఏడాదిలో ఇది మూడోసారి, మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం. వేడి చేసిందని అత్తగారు బార్లీ నీళ్ళు కాచి ఇస్తున్నారు. శుభ్రత చాలదని తోటివారు అంటున్నారు. ఏది నిజం?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
శుభ్రత చాలదన్న మాట ఆడవాళ్ళను సిగ్గుతో నోరు మూయిస్తుంది కనుక, ముందు దానికే జవాబు చెబుతాను. మూత్రాశయం నుంచి బయటికి వచ్చే నాళం పురుషులలో దాదాపు 20 సెంటీమీటర్లుంటే స్త్రీలలో సుమారు 4 సెంటీమీటర్లే; పేగుల్లో సహజంగా ఉండే ఇ.కోలై బ్యాక్టీరియా అంత దగ్గరి దారిన లోపలికి చేరడం ఎంత శుభ్రంగా ఉండే మనిషికైనా జరుగుతుంది. 2018లో వెలువడిన ఒక పరిశోధనలో, నీళ్ళు తక్కువగా తాగుతూ తరచూ ఈ ఇన్ఫెక్షన్‌తో బాధపడే 140 మంది స్త్రీలలో సగం మంది చేత రోజుకు అదనంగా లీటరున్నర నీళ్ళు తాగించారు. ఏడాదిలో వారికి సగటున 1.7 సార్లు, మిగిలినవారికి 3.2 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. అంటే అత్తగారి బార్లీలో పనిచేసేది చలవ కాదు, నీరే. అయితే వచ్చిన ఇన్ఫెక్షన్‌కు మూత్ర పరీక్ష, మందు తప్పవు. దుకాణంలో ఆమె ఎన్ని నీళ్ళు తాగుతుందో కనుక్కోండి.

ప్రశ్న వేసినవారు:
అడిగానండి. పొద్దున లీటరు సీసా నింపుకుని వెళ్ళి, రాత్రి తొమ్మిదికి సగానికి పైగా తిరిగి తెస్తోంది. మరుగుదొడ్డి తాళంచెవి యజమాని బల్ల మీద, కొనడానికి వచ్చినవారి కళ్ళెదుటే ఉంటుందట. అడగలేక తాగడమే మానుకుంది.

మరొకరు (రాయగడ నుంచి):
నెపమంతా పనిచోటు మీద వేయడం సరికాదు. మా నాన్నగారికి 63 ఏళ్ళు, మరుగుదొడ్డి పడకగది పక్కనే ఉంది. అయినా ప్రోస్టేట్ గ్రంథి పెరిగినందువల్ల రాత్రి నాలుగుసార్లు లేస్తారు. ఒకసారి జలుబు మాత్ర వేసుకున్న రాత్రి మూత్రం పూర్తిగా బిగుసుకుపోయి, ఆసుపత్రిలో గొట్టం వేయించవలసి వచ్చింది. చక్కెర వ్యాధి ఉన్నవారికీ ఈ బాధలు ఎక్కువే. మీ వదినగారికి షుగరు పరీక్ష చేయించారా?

పర్లాకిమిడి నుంచి:
షుగరు పరీక్ష తప్పక చేయించాలి, ఒప్పుకుంటాను. మంట లేకుండా మూత్రంలో రక్తం పడితే, ముఖ్యంగా పొగతాగేవారు, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదని కూడా చేరుస్తున్నాను. కాని వయసును మనం తగ్గించలేం. తాళంచెవిని ఆ బల్ల మీద నుంచి తీసి వెనక గోడకు తగిలించమని మాత్రం అడగగలం. ఒక్కరికి బెరుకైతే, దుకాణంలోని ఆడవాళ్ళందరూ కలిసి వెళ్ళి అడగండమ్మా.