ప్రాంతీయ అభివృద్ధికి ప్రజాధనం: కొత్త సంస్థలకా, ఉన్న కార్ఖానాలకా?

తూనికరాయి:

ఒక ప్రాంతం తన ఆదాయాన్నీ ఉపాధినీ పెంచుకోదలచినప్పుడు చేతిలో ఉన్న కొద్దిపాటి ప్రజాధనాన్ని ఎక్కడ పెట్టాలన్నది నేను చర్చకు తెస్తున్న ప్రశ్న. టెక్నాలజీ పార్కు కట్టాలి, కొత్త సంస్థలకు చోటూ సాయమూ ఇచ్చే ఇంక్యుబేటర్ తెరవాలి, స్టార్టప్‌లకు మూలధన నిధి పెట్టాలి అన్న జవాబు ఇప్పుడు ఎంత అలవాటుగా వస్తోందంటే, దాన్ని ప్రశ్నించినవారు అభివృద్ధికి అడ్డుపడుతున్నట్టు కనిపిస్తున్నారు. ఆ నింద మోయడానికి సిద్ధపడే రాస్తున్నాను. గెలిచే సంస్థను ముందే గుర్తించడం ప్రభుత్వాలకు చేతనైన పని కాదు. ఆ డబ్బు ఇప్పటికే నడుస్తున్న కార్ఖానాలకు, సాంకేతిక విద్యకు, పరీక్షాశాలలకు, రోడ్లకు, కరెంటుకు వెళ్లాలి.

రెండు ఉదాహరణలు చూడండి. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం 2010లో, మాజీ బేస్‌బాల్ క్రీడాకారుడు కర్ట్ షిల్లింగ్ స్థాపించిన 38 స్టూడియోస్ అనే వీడియో గేముల సంస్థను పొరుగున ఉన్న మసాచుసెట్స్ నుంచి రప్పించుకోవడానికి 7.5 కోట్ల డాలర్ల రుణానికి హామీగా నిలబడింది. 2012లో ఆ సంస్థ దివాలా తీసింది. ఆ ఆటలు ఎన్నడూ ఆడని పన్ను చెల్లింపుదారుల నెత్తిన భారం పడింది. విస్కాన్సిన్ రాష్ట్రం 2017లో తైవాన్ ఎలక్ట్రానిక్స్ తయారీ సంస్థ ఫాక్స్‌కాన్‌తో కుదుర్చుకున్న ఒప్పందం ఇంకా పెద్దది: 13,000 ఉద్యోగాలు వస్తాయన్న మాట మీద దాదాపు 300 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు. 2021లో దాన్ని తిరగరాసినప్పుడు ఉద్యోగాల లక్ష్యం 1,454కు, రాయితీ 8 కోట్ల డాలర్లకు దిగింది. రాయితీలో ఎక్కువ భాగం చెల్లించవలసిన అవసరమే రాలేదు గనుక నష్టం లేదని కొందరంటారు గాని, ఆ మాట నమ్మి స్థానిక సంస్థలు భూసేకరణకూ రోడ్లకూ నీటి గొట్టాలకూ పెట్టిన ఖర్చు అప్పటికే అయిపోయింది. శంకుస్థాపన నాడు చదివిన సంఖ్యలనే ఫలితాలుగా రాసుకోవడం వాపును చూసి బలుపు అనుకోవడమే.

కొత్తనాగలి:

తూనికరాయి గారూ, మీ ఉదాహరణలు రెండూ నిజమే. కానీ రెండూ మీరు ఖండించదలచిన విధానానివి కావు. రోడ్ ఐలండ్ చేసింది ఒకే ఒక్క సంస్థ మీద మొత్తం పందెం కాయడం; విస్కాన్సిన్ చేసింది ఒక బహుళజాతి సంస్థను రాయితీలతో పిలవడం. వీటిలో ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన నైపుణ్యం ఎక్కడుంది? బయటి నుంచి వచ్చినవాడు ఇంకెవరో ఎక్కువ ఇస్తామంటే అక్కడికే వెళతాడు. దాన్ని అంకుర సంస్థల విధానమని పిలిచి తిట్టడం న్యాయం కాదు.

ప్రభుత్వానికి ఈ పని చేతకాదన్న మాటకు ఇజ్రాయెల్ అనుభవం మంచి జవాబు. ఆ దేశం 1992లో ఇన్‌బాల్ అనే పథకం పెట్టింది. కొత్త సంస్థల్లో పెట్టుబడి పెట్టే వెంచర్ నిధులు నష్టపోతే ఆస్తుల విలువలో 70 శాతం దాకా ప్రభుత్వం భరిస్తుందని హామీ ఇచ్చింది. అది విఫలమైంది, ఎందుకంటే నష్టానికి బీమా దొరికినవాడు మంచి సంస్థను వెతకడానికి చెమటోడ్చడు. మరుసటి ఏడాది, 1993లో, 10 కోట్ల డాలర్లతో యోజ్మా పథకం వచ్చింది. ఇది పది నిధుల్లో 40 శాతం దాకా వాటా పెట్టి, మిగిలినది ప్రైవేటు పెట్టుబడిదారులు, వారిలో అనుభవమున్న విదేశీ భాగస్వాములు తెచ్చుకోవాలన్నది. నష్టానికి హామీ ఏమీ లేదు. అయితే లాభం వస్తే, ఐదేళ్లలోపు ప్రభుత్వ వాటాను ముందే నిర్ణయించిన ధరకు కొనుక్కునే హక్కు ఇచ్చింది. ఏడాది తేడాలో, ఒకే దేశంలో, ఒకే ప్రభుత్వం చేసిన రెండు పనులివి. కాబట్టి ప్రభుత్వం దిగాలా వద్దా అన్నదానికన్నా ఒప్పందాన్ని ఎలా రాసుకుందన్నదే అసలు విషయమని నేను అనుకుంటున్నాను.

తైవాన్‌ను కూడా మరచిపోకూడదు. 1973లో ప్రభుత్వం పారిశ్రామిక సాంకేతిక పరిశోధన సంస్థను పెట్టింది, 1976లో అమెరికన్ సంస్థ ఆర్‌సీఏ నుంచి చిప్ తయారీ సాంకేతికతను కొని, ఇంజనీర్లను అక్కడికి పంపి నేర్పించింది. 1980లో సించు సైన్స్ పార్కు, 1987లో చిప్‌లు తయారుచేసే టీఎస్ఎంసీ సంస్థ వచ్చాయి. ఆ చివరి సంస్థ తొలి మూలధనంలో దాదాపు సగం ప్రభుత్వ నిధిదే, నాలుగో వంతుకు పైగా ఫిలిప్స్‌ది. ప్రైవేటు పెట్టుబడిదారులు ఎగబడి వచ్చి పెట్టిన డబ్బు కాదది.

పాతయంత్రం:

చిన్న కార్ఖానాలకు సాంకేతిక సలహా ఇచ్చే ఒక పరీక్షాశాలలో చాలా కాలంగా పనిచేస్తున్నాను. ఈ చర్చలో కొత్త సంస్థల గురించి మాట్లాడినంత తేలికగా పాత కార్ఖానాల లోపలి సంగతులు ఎవరూ మాట్లాడరు గనుక ఒకటి చెబుతాను.

గేర్లు తయారుచేసే ఒక చిన్న కార్ఖానా సరుకు పదేపదే తిరిగి వస్తోంది. ఒకే బ్యాచ్‌లో కొన్ని పళ్లు పగులుతున్నాయి, కొన్ని అరుగుతున్నాయి. యజమాని ఉక్కు నాసిరకమని సరఫరాదారును నిందిస్తున్నాడు. మేము వెళ్లి, ఉక్కును వేడిచేసి గట్టిపరచే హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్ చూశాం. ప్యానెల్ మీద 850 డిగ్రీలు కనిపిస్తోంది, కానీ వేడిని కొలిచే థర్మోకపుల్ గోడకు ఆనుకుని ఉంది. మధ్యలో పేర్చిన గేర్ల దగ్గర వేడి చాలా తక్కువ. పైగా రాత్రి షిఫ్టులో తలుపు తొందరగా తెరుస్తున్నారు. ఈ సంగతి గోడ మీద సుద్దతో రాసిన వేళల్లోనే ఉంది. రాసిన కుర్రాడు తప్ప దాన్ని ఎవరూ చదవలేదు. మరో రెండు థర్మోకపుళ్లు, వేడిని నమోదు చేసే ఒక చిన్న పరికరం, రెండు వారాల శిక్షణతో పగుళ్లు దాదాపు ఆగిపోయాయి.

దీనికి ప్రారంభోత్సవం ఉండదు. కానీ సాంకేతికతతో ప్రాంతం ఎదగడమంటే నా దృష్టిలో మొదట ఇదే. జర్మనీలో 1949లో మొదలైన ఫ్రౌన్‌హోఫర్ సంస్థ ఇలాంటి అనువర్తిత పరిశోధనను దేశమంతటా డెబ్భైకి పైగా కేంద్రాల్లో చేస్తోంది. దాని ఖర్చులో సుమారు మూడో వంతే ప్రభుత్వం స్థిరంగా ఇస్తుంది, తక్కినది పరిశ్రమల నుంచి, పోటీపడి తెచ్చుకునే ప్రాజెక్టుల నుంచి రావాలి. అందువల్ల పరిశోధకుడు కార్ఖానా గుమ్మం తొక్కక తప్పదు.

వలసపక్షి:

నిధి ఎక్కడ పెట్టాలన్న వాదనలో చట్టం గురించి ఎవరూ మాట్లాడకపోవడం ఆశ్చర్యంగా ఉంది, ఎందుకంటే అది ఖర్చు లేని పని. ఉద్యోగి సంస్థను వదిలి పోటీ సంస్థలో చేరకూడదని, సొంతంగా పెట్టుకోకూడదని రాయించుకునే ఒప్పందాలు కాలిఫోర్నియాలో 1872 నుంచీ చెల్లవు. 1957లో ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తల్లో ఒకరైన విలియం షాక్లీ సంస్థ నుంచి ఎనిమిది మంది ఇంజనీర్లు ఒకేసారి బయటికి వచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే సంస్థ పెట్టారు. దానిలోంచి రాబర్ట్ నాయిస్, గోర్డన్ మూర్ 1968లో బయటికి వచ్చి ఇంటెల్ పెట్టారు. సిలికాన్ వ్యాలీని తమ దగ్గర కూడా కడతామని చెప్పే ప్రభుత్వాలు భవనాలను నకలు చేస్తాయి గాని, మనుషులు మారేందుకు ఉన్న ఈ స్వేచ్ఛను నకలు చేయవు.

దీనికి తిరుగు ఉదాహరణ మిషిగన్. అక్కడ కూడా అటువంటి ఒప్పందాలపై నిషేధం ఉండేది. 1985లో గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని సంస్కరిస్తూ, దాదాపు అనుకోకుండానే, ఆ నిషేధాన్ని కూడా ఎత్తివేశారు. ఆ తరువాత అక్కడి ఆవిష్కర్తలు సంస్థలు మారడం తగ్గిందని పేటెంట్ల రికార్డుల మీద జరిగిన పరిశోధన చూపింది.

విశ్వవిద్యాలయాల నియమాలు కూడా ఇటువంటివే. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం ఆవిష్కరణ హక్కును కనిపెట్టినవారికే వదిలేస్తుంది. హక్కు తన దగ్గరే పెట్టుకుని, దాన్ని బయటికి వదలడానికి ఏళ్లూ పూళ్లూ బేరమాడే విశ్వవిద్యాలయం పక్కన ఎంత పెద్ద ఇంక్యుబేటర్ కట్టినా అది అద్దె భవనంగానే మిగులుతుంది.

తూనికరాయి:

కొత్తనాగలి గారూ, ఒప్పందం రాసే తీరు ముఖ్యమన్న మీ మాట అంగీకరిస్తున్నాను. ఇన్‌బాల్ సంగతి నాకు బాగా నచ్చింది. కానీ ఇజ్రాయెల్, తైవాన్ దేశాలు. వాటికి సొంత రక్షణ పరిశోధన, సొంత విదేశాంగ విధానం, విదేశాల్లో చదివి తిరిగి వచ్చే ఇంజనీర్లు ఉన్నారు. ఒక జిల్లా, ఒక చిన్న రాష్ట్రం ఆ పనిని తలకెత్తుకుంటే అది నేల విడిచి సాము. అదీగాక మనం గెలిచినవారి కథలే చెప్పుకుంటున్నాం. అవే పత్రాలు, అవే నినాదాలు, అవే గాజు భవనాలతో మొదలై ఖాళీగా మిగిలిన పార్కుల చరిత్ర ఎవరు రాస్తారు?

కాలం సంగతి కూడా ఉంది. నార్త్ కరొలైనాలోని రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు విజయగాథే, కానీ 1959లో మొదలై, ఐబీఎం వస్తానని 1965లో ప్రకటించేదాకా అది చాలావరకు పైన్ అడవి. మూడు విశ్వవిద్యాలయాలు చుట్టూ ఉండి కూడా ఆరేళ్లు పట్టింది. ఐదేళ్లకోసారి ఓట్లడిగే నాయకుడు ఆరేళ్ల అడవిని ఎలా సమర్థించుకుంటాడు? అందుకే అతను తొందరగా కనిపించేదాన్ని ఎంచుకుంటాడు, అంటే రిబ్బను కత్తిరించడానికి వీలైనదాన్ని.

చదువరి:

చిన్న సందేహం. అంకుర సంస్థ గెలిచినా, దాన్ని బయటి పెద్ద సంస్థ కొనేసి తీసుకుపోతే ఆ ప్రాంతానికి మిగిలేదేమిటి? ఓడిపోతే ఎలాగూ ఏమీ మిగలదు కదా.

కొత్తనాగలి:

చదువరి గారూ, ఈ చర్చలో అడగవలసిన ప్రశ్న ఇదేనని నాకనిపిస్తోంది.

గెలిచి అమ్ముడుపోయినదానికి స్కైప్‌ను చూడండి. స్థాపకులు ఒక స్వీడన్ దేశస్థుడు, ఒక డెన్మార్క్ దేశస్థుడు. కానీ 2003లో దాని సాఫ్ట్‌వేర్ తయారైంది ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో. 2005లో ఈబే దాన్ని సుమారు 260 కోట్ల డాలర్లకు కొన్నది. యాజమాన్యం పోయింది, కానీ అందులో పనిచేసి డబ్బూ అనుభవమూ సంపాదించుకున్నవారు ఊళ్లోనే ఉన్నారు. స్కైప్ తొలి ఉద్యోగి తావెత్ హిన్‌రికుస్ మరొకరితో కలిసి 2011లో, దేశాల మధ్య డబ్బు పంపే ట్రాన్స్‌ఫర్‌వైజ్ అనే సంస్థ పెట్టారు. దాని ప్రధాన కార్యాలయం లండన్‌లో ఉన్నా, పనిలో పెద్ద భాగం టాలిన్‌లో సాగింది.

ఓడిపోయినదానికి ఫిన్లండ్ ఉత్తరాన ఉన్న ఔలు. నోకియా మొబైల్ ఫోన్ల వ్యాపారం కూలి, 2014లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లి, ఆ ఏడాదే అక్కడి విభాగం మూతకు సిద్ధమైనప్పుడు ఆ ఊరి పని అయిపోయిందని చాలామంది రాశారు. కానీ రేడియో తరంగాల ఇంజనీర్లు వందల సంఖ్యలో మిగిలారు, వారిని తయారుచేసిన విశ్వవిద్యాలయం మిగిలింది, నోకియా నెట్‌వర్కుల పని మిగిలింది. నోకియా 2011లోనే ఉద్యోగం పోయినవారు సొంత సంస్థ పెట్టుకోవడానికి డబ్బూ శిక్షణా ఇచ్చే పథకం ప్రారంభించింది. 2018లో ఆరో తరం (6జీ) వైర్‌లెస్ పరిశోధన కార్యక్రమం మొదలైంది కూడా ఔలు విశ్వవిద్యాలయంలోనే.

38 స్టూడియోస్ కూలినప్పుడు రోడ్ ఐలండ్ రాజధాని ప్రావిడెన్స్‌లో ఇలా మిగిలేందుకు పెద్దగా ఏమీ లేదు: ఔలులో ఉన్నటువంటి పాత పునాది లేదు, ఉద్యోగం పోయినవారిని పిలిచే పక్క సంస్థలు అంతగా లేవు. కాబట్టి ప్రజాధనం పెట్టేముందు అడగవలసింది సంస్థ గెలుస్తుందా అని కాదు, అది రేపు మూతపడితే అందులోని మనిషి ఎల్లుండి ఇదే ఊళ్లో ఏ గుమ్మం తడతాడు అని.

తూనికరాయి:

ఈ కొలబద్దను ఒప్పుకుంటాను. అయితే దీన్ని నిజాయితీగా వాడితే సగానికి పైగా పార్కుల దస్త్రాలు ఆఫీసు దాటవు.

వలసపక్షి:

దాటకపోతే మంచిదే. ఉచితంగా డబ్బిచ్చినంత మాత్రాన సంస్థలు ఎదగవని చిలీ అనుభవం కూడా చెబుతోంది. 2010లో మొదలైన స్టార్టప్ చిలీ పథకం వాటా అడగకుండా సుమారు 40,000 డాలర్లు, కూర్చోవడానికి చోటు ఇచ్చింది. ఆ తరువాత జరిగిన అధ్యయనంలో డబ్బూ చోటూ మాత్రమే పొందిన సంస్థలకు ప్రత్యేక ఫలితం కనబడలేదు. వాటితోపాటు శిక్షణ, ఎప్పటికప్పుడు లెక్క అడిగే మార్గదర్శకులు దొరికినవే ముందుకు వెళ్లాయి. పాతయంత్రం గారు చెప్పిన రెండు వారాల శిక్షణకూ దీనికీ దూరం పెద్దగా లేదు.

పాతయంత్రం:

దూరం అసలే లేదని చెప్పడానికే మళ్లీ వచ్చాను. నేను చెప్పిన గేర్ల కార్ఖానా కథలో మిగిలిన సగం ఇది.

సుద్దతో వేళలు రాసిన కుర్రాడు ఏడాది తరువాత ఉద్యోగం మానేసి, ఫర్నేసుల్లో వేడిని నమోదు చేసి, తలుపు తొందరగా తెరిస్తే గంట మోగించే చిన్న పరికరం తయారు చేయడం మొదలుపెట్టాడు. తొలి కొనుగోలుదారు పాత యజమానికి పోటీదారు. యజమాని మండిపడి మా పరీక్షాశాలకు వచ్చి, తన కార్ఖానాలో నేర్చుకున్నదాన్ని బయట అమ్ముకుంటున్నాడనీ, అతని పరికరాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వకూడదనీ పట్టుబట్టాడు. మా పరీక్షాశాలను నడిపే సంఘానికి ఆ యజమాని ఏళ్ల తరబడి చందా కడుతున్న సభ్యుడు. కుర్రాడు పరీక్ష రుసుము వాయిదాల్లో కట్టుకుంటానని అడిగినవాడు.

పరీక్ష చేశాం. 850 డిగ్రీల దగ్గర పరికరం నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపింది, సరిచేసి మళ్లీ తెమ్మని వెనక్కి పంపాం, రెండోసారి నెగ్గింది. యజమాని ఆ ఏడాది సభ్యత్వం వదులుకున్నాడు. మరుసటి ఏడాది తన ఫర్నేసుకు మూడు పరికరాలు కొన్నాడు, అదీ నేరుగా కాదు, ఒక డీలరు ద్వారా. తూనికరాయి గారూ, కుర్రాడికి మేము వాయిదాల మీద వదిలిన రుసుమును మీ పద్దులో పాత పరిశ్రమ కింద రాయాలో, కొత్త సంస్థ కింద రాయాలో మీరే చెప్పండి. మా ఆడిటరు కూడా అదే అడుగుతున్నాడు.