అప్‌డేట్: మిశ్రమ మాధ్యమ చిత్రాలకు నేను ఎంచుకున్న పలక, జిగురు

మా పర్లాకిమిడిలో వానాకాలపు తేమకు, మిశ్రమ మాధ్యమ చిత్రంలో (రంగులతో పాటు గుడ్డ, కాగితం వంటివి కలిపి చేసేది) అతికించిన నేతగుడ్డ ముక్కలు ఉబ్బి లేచిపోకుండా ఏ జిగురు, ఏ ఆధారం వాడాలని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఎక్కువమంది సూచించిన 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) నూలు కాగితం పలుచని కోల్లాజ్‌కు (ముక్కలు అతికించి చేసే చిత్రానికి) బాగానే ఉంది గాని, గుడ్డ, గోగునార బరువుకు ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన) పలకే నిలిచింది. దానికి ముందూ వెనుకా గెస్సో (రంగులకు ముందు వేసే తెల్లని అడుగుపూత) పూస్తే ఒక పక్కకు వంగిపోదు. జిగురుగా యాక్రిలిక్ మ్యాట్ మీడియం (రంగు కలపని, మెరుపు లేకుండా ఆరే యాక్రిలిక్ ద్రవం) నాకు అన్నిటికన్నా నచ్చింది. గుడ్డకు అడుగున ఒక పూత, పైన ఒక పూత వేసి, పాత ప్లాస్టిక్ కార్డుతో మధ్య నుంచి అంచుల వైపు నొక్కుతూ పోతే గాలి బుడగలు బయటికి వచ్చేస్తాయి, ఆరిన తరువాత కూడా నేతలోని పోగులు విడివిడిగా కనిపిస్తాయి.

పట్టచిత్రకారులు (ఒడిశాలో గుడ్డ మీద సంప్రదాయ చిత్రాలు వేసేవారు) చింతపిక్కల జిగురులో సుద్దపొడి కలిపి గుడ్డకు పూసి, ఆరాక రాయితో నునుపు చేసే పద్ధతిని ఒకరు గుర్తుచేశారు, వారికి ప్రత్యేకంగా రుణపడి ఉన్నాను. ఆ పూత మీద బొగ్గు గీత ఎంతో మెత్తగా పడుతుంది. అయితే ఆ జిగురుకు బూజు, పురుగు పట్టే అవకాశముంది కనుక దానిని ఎండ బాగా కాసే నెలల్లోనే తయారు చేస్తున్నాను.

ఆయిల్ పాస్టెల్ (నూనె, మైనం కలిసిన రంగు కడ్డీ) మాత్రం అన్నిటికన్నా చివరనే వాడండి, దాని మీద యాక్రిలిక్ రంగు పట్టదు.