బూజు పట్టిన గోడలకి సిరిమాను పండగలోపు రంగు వేయించొచ్చా?

పల్లపువీధి కోడలు (విజయనగరం):

అందరికీ నమస్కారం. మొన్న వాయుగుండం వానలకి మా వీధి కాలవ పొంగి నీళ్లు ఇంట్లోకి వచ్చేశాయి. మోకాలి కింద దాకా రాత్రంతా నిలిచిపోయాయి. బురద కడిగాం, సామాన్లు ఎండేశాం, అక్కడితో అయిపోయిందనుకుంటే ఇప్పుడు పడకగదిలో ఉత్తరం గోడ, బీరువా వెనక గోడ నడుము ఎత్తు దాకా నల్ల చుక్కలతో బూజు పట్టేసింది. అక్కడక్కడా ఆకుపచ్చగా కూడా ఉంది, ముట్టుకుంటే వేలికి నల్లగా అంటుకుంటోంది. నీళ్లు రాని ఎత్తులో బూజు ఎలా వచ్చిందో నాకర్థం కావట్లేదు. కింద స్కర్టింగ్ దగ్గర మాత్రం తెల్ల పొడి రాలుతోంది. తలుపు తీస్తే చాలు, ముక్కిన వాసన.

పెయింటర్ వచ్చి చూసి, గీకేసి పుట్టీ లాగించి పైన డ్యాంప్‌ప్రూఫ్ రంగు వేస్తే ఇంక కనిపించదు, నాలుగు రోజుల పని అన్నాడు. పైడితల్లమ్మ సిరిమాను పండక్కి ఆడపడుచులు పిల్లలతో దిగుతారు, మామగారు కూడా వేయించేయమనే అంటున్నారు. నా టెన్షన్ ఏంటంటే అత్తయ్యకి ఆయాసం ఉంది, ఆవిడ పడుకునేది ఆ గదిలోనే. బ్లీచింగ్ కొట్టి రంగు వేసేస్తే సరిపోతుందా? బాత్రూం యాసిడ్ కూడా కలిపి రుద్దితే దెబ్బకి పోతుందని పక్కింటావిడ చెప్పింది. తెలిసినవాళ్లు చెప్పండి.

కెమిస్ట్రీ మాస్టారు (శ్రీకాకుళం):

అమ్మా, మిగతావన్నీ తర్వాత. ఆ యాసిడ్ సీసా ముందు గదిలోంచి బయట పెట్టేయండి. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసి ఉన్న గదిలో అది పీలిస్తే మామూలు మనుషులకే ఊపిరాడదు, ఆయాసం ఉన్నావిడ సంగతి చెప్పనే అక్కర్లేదు. వెనిగర్, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు, ఇవి కూడా కలపకూడదు. అసలు బ్లీచింగ్‌ని నీళ్లతో తప్ప దేనితోనూ కలపొద్దు.

ఇంకో సంగతి. బ్లీచింగ్ కొడితే నలుపు పోతుంది కాబట్టి బూజు పోయిందనుకుంటారు. పోయింది రంగే. చచ్చిన బూజు కూడా గోడమీద ఉంటే ఎలర్జీ తెప్పిస్తుంది, కాబట్టి దాన్ని రుద్ది తీసేయాల్సిందే. ముందు సబ్బు పొడి కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి, బాగా పిండి, తడి మీదే రుద్దండి. పొడిగా చీపురుతోనో ఉప్పుకాగితంతోనో గీకితే దాని విత్తనాలు గదంతా ఎగురుతాయి, ఆ టైంలో సీలింగ్ ఫ్యాన్ కూడా వేయకండి. బక్కెట్లతో నీళ్లు కొట్టొద్దు, అసలే తడిసిన గోడ. ఆ సబ్బు తుడిచేశాక, మీది కాలవ నీళ్లు కాబట్టి, లీటరు నీళ్లకి 60 మి.లీ. మించకుండా లిక్విడ్ బ్లీచ్ కలిపి పూసి, పది నిమిషాలాగి తుడిచేయండి. చేతికి రబ్బరు గ్లవ్స్, ముక్కుకి ఎన్95 మాస్కు, కిటికీలు తెరిచి. తుడిచిన గుడ్డలు పారేయండి. అత్తయ్యగారిని మాత్రం గోడలు ఆరేదాకా వేరే గదిలోకి, వీలైతే చుట్టాలింటికి పంపండి, మాస్కు కట్టుకుని సాయం చేస్తానన్నా ఒప్పుకోకండి.

తాపీ మేస్త్రి (ఆమదాలవలస):

మాస్టారు కడగడం చెప్పారు, నేను గోడ సంగతి చెప్తాను. నీళ్లు మోకాలి దాకానే వచ్చినా ఇటుక, సిమెంటు ఆ తడిని పైకి పీల్చుకుంటాయి. దీపం వత్తి నూనె లాగినట్టే. అందుకే నడుము దాకా బూజు. బీరువా వెనక గాలి ఆడదు కాబట్టి అక్కడ ఎక్కువ. కింద రాలే తెల్ల పొడి బూజు కాదు, గోడలో ఉప్పు. కొంచెం నీళ్లు చల్లి చూడండి, ఉప్పయితే కరిగిపోతుంది, బూజయితే కరగదు.

మీ పెయింటర్ చెప్పినట్టు ఇప్పుడు రంగు వేయిస్తే కనిపించని మాట నిజమే, పండక్కి నిగనిగలాడుతుంది కూడా. తొమ్మిదంగుళాల గోడ లోపల తడి అలాగే ఉంటుంది, దానికి బయటికి దారి ఉండదు. తర్వాత రంగు బుడగలు లేచి పెచ్చులూడతాయి, దాని కింద మళ్లీ అదే బూజు. ఆ డబ్బు మీ జేబులోదే. ఇలాంటి గోడ ఆరడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెల కూడా దాటుతుంది. నమ్మకం లేకపోతే అడుగున్నర పాలిథిన్ ముక్క గోడకి ఆనించి నాలుగు అంచులూ టేపుతో మూసేయండి. మర్నాడు తీసి చూడండి, కాగితానికి గోడ వైపు నీటి బొట్లు ఉంటే ఇంకా తడి ఉన్నట్టే, పుట్టీ పెట్టనీయకండి.

ఈలోపు చేయాల్సింది, బూజు కడిగేశాక ఉబ్బిన రంగు, పాత పుట్టీ తడి చేసి గీకేయించడం. ప్లాస్టరింగ్ మీద చేత్తో కొట్టుకుంటూ రండి, డొల్ల శబ్దం వచ్చినచోట చెక్కేయాలి. స్కర్టింగ్ టైల్స్ వెనక కూడా నీళ్లు నిలుస్తాయి, అవీ డొల్లగా మోగితే ఊడదీయించండి. కింది ప్లగ్ బోర్డుల్లోకి నీళ్లు వెళ్లి ఉంటాయి, గోడ ముట్టుకునేముందు మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. చుట్టాలంటారా, వాళ్లు సిరిమాను చూడ్డానికి వస్తారు గానీ మీ పడకగది గోడ చూడ్డానికి కాదు.

కళింగతీరం (గార):

2021లో గులాబ్ తుఫాను మా కళింగపట్నం దగ్గరే తీరం దాటింది, అప్పుడు మా ఇంటి గోడలూ ఇలాగే అయ్యాయి. ఇన్ని లెక్కలెందుకండీ, సున్నం కొట్టించి వదిలేశాం, ఇప్పటిదాకా బూజు ఊసే లేదు. ఈ డ్యాంప్‌ప్రూఫులూ గీంప్రూఫులూ షాపువాళ్ల బతుకుతెరువు.

తాపీ మేస్త్రి (ఆమదాలవలస):

సున్నం మాట కాదనను బాబూ. దాని ఘాటుకి బూజు తొందరగా రాదు, గోడ లోపలి తడిని బయటికి పోనిస్తుంది. మీది పాత సున్నపు గోడ అయి ఉంటుంది, అందుకే పట్టింది. వీళ్లది ఎమల్షన్, అంటే ప్లాస్టిక్ రంగు వేసిన గోడలా ఉంది, దానిమీద సున్నం నిలవదు, పొట్టు రాలినట్టు రాలిపోతుంది. ప్లాస్టరింగ్ దాకా గీకించి, ఆరాక అయితే వేసుకోవచ్చు. డ్యాంప్‌ప్రూఫ్ కూడా పనికిరానిదని కాదు, ఆరిన గోడ మీద వేయాలి.

పల్లపువీధి కోడలు (విజయనగరం):

మాస్టారికి, మేస్త్రి గారికి చాలా థాంక్స్. మామగారికి ఫోన్‌లో ఇదంతా చదివి వినిపించాను, ఆ పెయింటర్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాం కదా అని గొణిగారు గానీ పాలిథిన్ కాగితం ఆయనే అంటించారు. రాత్రికే లోపలి వైపు బొట్లు కట్టేశాయి! అత్తయ్యని రామభద్రపురం చెల్లెలిగారింటికి పంపేస్తున్నాం. ఇంకొక్కటి అడుగుతాను, ఆ గోడకి ఆనించి ఉన్న ప్లైవుడ్ అల్మరా కింది చెక్కలు ఉబ్బాయి, అత్తయ్య బూరుగుదూది పరుపు కూడా ఒక మూల తడిసింది. ఎండబెడితే పనికొస్తాయా?

తాపీ మేస్త్రి (ఆమదాలవలస):

కాలవ నీళ్లు తాగిన పరుపు మీద ఆశ వదిలేయండమ్మా, పైకి ఆరినట్టు ఉన్నా లోపల దూది బూజే. ఆయాసం మనిషికి అసలొద్దు. ఉబ్బిన ప్లైవుడ్ మళ్లీ బిగుసుకోదు, కింది భాగం కోయించి మార్పించుకోవచ్చేమో వడ్రంగిని అడగండి. టేకు సామానేదైనా ఉంటే తుడిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే వంగుతుంది. మళ్లీ లోపల పెట్టేటప్పుడు ఏదైనా సరే గోడకి జానెడు ఎడం ఉంచండి.