చారు, జామ వంటి మాటలను ౘ, ౙ లతో రాయాలా?

తాంబరం తల్లి:
మా అమ్మాయికి బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. తెలుగు చదవడం నేర్పుతుంటే ‘చారు’లోని చ ను ‘చాయ్’లోని చ లాగా, ‘జామ’లోని జ ను ‘జామ్’లోని జ లాగా పలుకుతోంది. అక్షరం ఒకటే కాబట్టి తనను తప్పుపట్టలేను. కనీసం పిల్లల పుస్తకాల్లోనైనా దంత్యాక్షరాలైన (నాలుక కొస పళ్ల వెనుక ఆనించి పలికే) ౘ, ౙ లను తిరిగి వాడాలని నా అభిప్రాయం. సభ్యులు ఏమంటారు?

పెరంబూరు పాఠకుడు:
అవసరం లేదండి. అచ్చతెలుగు మాటల్లో చ, జ లు ఇ, ఈ, ఎ, ఏ లతో కలిస్తే తాలవ్యాలు (నాలుక అంగిలిని తాకేవి), అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ లతో కలిస్తే దంత్యాలు. మన చెన్నైలోనే తెలుగు బోధించిన చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఈ సంగతి చెప్పనే చెప్పారు. చల్ల, చద్ది, జున్ను, జొన్న ఒక పక్క. చింతపండు, చేప, జీలకర్ర మరో పక్క. తమిళంలో ప, బ లకు ఒకటే అక్షరం, పొంగల్, బోండా రెండూ దానితోనే మొదలవుతాయి, అయినా ఏ తమిళ పిల్లవాడూ ‘పోండా’ అనడు.

మైలాపూరు సభ్యురాలు:
మీరు చెప్పిన నియమం అచ్చతెలుగు మాటలకే వర్తిస్తుంది, కానీ వంటింట్లో ఉన్నన్ని అరువు మాటలు మరెక్కడా ఉండవు. చపాతీ, చాక్లెట్, జామ్, జ్యూస్ అన్నీ ఆ నియమానికి లొంగనివే. చట్టి, చట్నీ అన్న మాటలను పైకి పలికి చూడండి: మొదటిదానికి నాలుక కొస పళ్ల వెనుకకు చేరుతుంది, రెండోదానికి నాలుక అంగిలిని తాకుతుంది, రాతలో మాత్రం రెండూ ‘చట్’ అనే మొదలవుతాయి. ఏది తెలుగు మాటో, ఏది అరువు మాటో ముందే తెలిసినవారికి మాత్రమే పనికొచ్చే నియమం, ఆ మాటను తొలిసారి అచ్చులో చూస్తున్న పిల్లకు ఏం సాయం చేస్తుంది?

తమిళంతో పోలికా ఇక్కడ నిలవదు. బోండా అన్న మాట తమిళ పిల్లవాడికి చదువు రాకముందే టీ కొట్టు దగ్గర వినబడుతుంది. మన పిల్లలకు చెన్నైలో గడప దాటితే వినిపించేది రసమే. చారు అన్న మాట అమ్మ నోటా, అమ్మమ్మ నోటా తప్ప మరెక్కడా వినబడదు. వినికిడి ఇంత తక్కువైన చోట ఆ లోటు రాతే తీర్చాలి. బ్రౌన్ నిఘంటువు ఈ తేడాను పాటించింది. 2008లో యూనికోడ్ ఈ రెండు అక్షరాలకూ చోటిచ్చింది. పత్రికలన్నీ మారాలని నేను అనను, వాచకాలు, వంటల పుస్తకాలు మారితే చాలు.

పెరంబూరు పాఠకుడు:
అరువు మాటల విషయం ఒప్పుకుంటున్నాను. అయితే రెండు చ లతో చదువు మొదలుపెట్టిన పిల్ల, ఒకే చ ఉన్న పత్రిక చేతికొస్తే మళ్లీ తడబడదా?

మైలాపూరు సభ్యురాలు:
తడబడదండి. అప్పటికి చారు, చల్ల, జున్ను సరైన పలుకుబడితో నోటికి వచ్చేసి ఉంటాయి. అలా రానప్పుడే కదా ఆ తల్లి ఇక్కడ ఈ ప్రశ్న వేయవలసి వచ్చింది.